సూర్యగుంట నీరు - ఎగువవాడి ఋణం

మన రాయవేలూరు కోట కందకాన్ని చూడనివారు ఈ పత్రిక పాఠకుల్లో ఉండరు. ఆ కందకంలోకి నీరు ఎక్కడినుండి వచ్చేదని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. వాన నీరంటారు కొందరు, పాలారు అంటారు కొందరు. పాత గ్రంథాలలో ఉన్న సమాధానం వేరు. సూర్యగుంట అనే చెరువు నుండి భూమి లోపల కట్టిన కాలువ ద్వారా కందకానికి నీరు వచ్చేది. గుంట అన్న మాట మనది. తమిళంలో అయితే కుళమో, కుట్టయో, ఏరియో అయి ఉండేది. అరవనాట కందకానికి నీరిచ్చిన చెరువు తెలుగు పేరు మోసింది. ఈ సంగతి చెప్పుకుని మురిసిపోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మురిసిపోవడం మనకు బాగానే వచ్చు, దానికి వేరే అభ్యాసం అక్కరలేదు. ఆ కాలువ నన్ను వేరొక ప్రశ్నలోకి దింపింది. నీటికి ఎగువన ఉన్నవాడు దిగువన ఉన్నవాడికి ఏమైనా బాకీ పడి ఉన్నాడా? ఉంటే, ఆ బాకీ ఎవరు రాసిన పత్రం వల్ల వచ్చింది?

ముందు కాలువ సంగతి. ఇందులో మంత్రమేమీ లేదు. చెరువు మట్టం ఎత్తుగా ఉండాలి, కందకం మట్టం పల్లంగా ఉండాలి, మధ్యలో దారి తెగకుండా వాలు ఉండాలి. అంతే. అయితే ఆ "అంతే" అన్న మాటలోనే పనితనమంతా ఉంది. వాలు ఎక్కువైతే నీరు ఉరికి గోడలను కోసేస్తుంది. తక్కువైతే నీటితో వచ్చిన ఒండ్రు కదలక అక్కడే పేరుకుని దారి మూసేస్తుంది. పైన తెరిచి ఉన్న కాలువైతే పూడిక కంటికి కనపడుతుంది, పార పట్టుకుని దిగితే సరిపోతుంది. నేల లోపలి కాలువకు ఆ సుఖం లేదు. ఎక్కడ పూడిందో, ఏ చెట్టు వేరు రాళ్ళ సందున దూరిందో పైనుండి తెలియదు. దిగువన నీరు తగ్గినప్పుడే తెలుస్తుంది. మరి ఇంత కష్టపడి భూమిలోపల ఎందుకు వేసినట్టు? కోటకు నీరు కావాలి, కాని ఆ నీటి దారి శత్రువు కంటపడకూడదు. పైన పారే కాలువను ముట్టడి వేసినవాడు ఒక్క పూటలో తెంపగలడు. ఎండలో నీరు ఆవిరి కాకపోవడం, పైనున్న నేల బాటకూ ఇండ్లకూ పనికిరావడం అదనపు లాభాలు.

ఆ ఏర్పాటు వెనక ఉన్నది పదహారవ శతాబ్దపు లెక్క. విజయనగర ప్రభువు సదాశివరాయల కాలంలో, ఆయనకు లోబడిన నాయకులు చిన్న బొమ్మినాయకుడు, తిమ్మారెడ్డి నాయకుడు ఈ కోట కట్టించారని ప్రతీతి. అప్పయ్య దీక్షితులకు ఆశ్రయమిచ్చినవాడు ఈ చిన్న బొమ్మినాయకుడే. 133 ఎకరాల కోట, చుట్టూ కందకం, అందులో మొసళ్ళను వదిలారని చెప్పుకుంటారు. పదిహేడవ శతాబ్ది ఆరంభంలో ఆరవీటి వేంకటపతిరాయల కొలువు ఇక్కడికి చేరింది. అంటే తళ్ళికోట తరువాత మిగిలిన విజయనగరానికి కొంతకాలం రాజధాని ఇదే. 1780లో మొదలైన రెండవ మైసూరు యుద్ధంలో హైదరాలీ సేనలు నెలల తరబడి చుట్టుముట్టినా కోట లొంగలేదు. 1806 జూలై 10 తిరుగుబాటు అందరికీ తెలిసిందే. 

ఇక్కడొక చిన్న ముచ్చట చెప్పి ముందుకు పోతాను. వేంకటపతిరాయల తరువాత 1614లో శ్రీరంగరాయలను కుటుంబంతో సహా జగ్గరాయడు ఈ కోటలోనే బంధించాడు. యాచమనాయుడు ఒక చాకలివాని సాయంతో చిన్నవాడైన రామదేవుణ్ణి దాటించాడు. మిగిలినవారిని భూమిలోపలి సొరంగం గుండా తప్పించాలని చేసిన ప్రయత్నం మాత్రం బయటపడిపోయింది. తరువాత ఆ కుటుంబమంతా హత్యకు గురైంది. ఆ సొరంగమూ నీటి కాలువా ఒకటేనని నేను అనను. నేల కింద దారులు వేయడం తెలిసిన ఊరు ఇది, అంత మాత్రం నిజం. బొమ్మినాయకుడి పేరు నిలిచింది, యాచమనాయుడి పేరు నిలిచింది. చాకలివాని పేరు ఎవరూ రాసిపెట్టలేదు, కాలువ తవ్వినవారి పేర్లూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు ప్రశ్నలోకి వద్దాం. మన పెద్దలు మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలు మోస్తాడన్నారు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. వీటిలో మూడూ పైకి చూసేవే. మనకు ఇచ్చినవారికి మనం పడ్డ బాకీలు. నీటి విషయంలో చూస్తే ఈ మూడూ ఎగువకు చెల్లించేవి. దిగువవాడి మాటేమిటి? వాడు నాకేమీ ఇవ్వలేదు. వాడి పొలం ఎండినా నా పొలానికి నష్టం లేదు. శతపథ బ్రాహ్మణం ఈ మూడింటికి తోడు నాలుగవది కూడా చెప్పింది, మనుష్యఋణం అని. పురాణ కాలక్షేపాలలో మూడే ఎక్కువగా వినిపిస్తాయి, నాలుగోది ఎందుకో జారిపోయింది. తోటి మనిషికి నీవు బాకీ అన్న మాట వినడానికి అంత ఇంపుగా ఉండదు మరి.

చెరువుల విషయంలో మన శాసనాల ఆలోచన ఇంకొంచెం ముందుకు పోయింది. కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉంది. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, అతనికే భవదూరుడని పేరు, ఆ చెరువు కట్టించి వేయించినది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి మట్టినేల, తియ్యని నీటి ఏరు, రాతికట్ట, దగ్గరలో రాతిగని, కట్టే నేర్పున్న పనివారు, ఇలా. ఆ తరువాత ఆరు దోషాలు చెబుతుంది. కట్ట ఊరడం, చవిటినేల, చెరువు మధ్యలో తాబేటి వీపులా మెట్ట లేవడం, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల కొంచెమై నీరు ఎక్కువ కావడం. ఆరవ దోషం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం కూడా దోషమే అని ఆరున్నర శతాబ్దాల కిందట రాతిమీద చెక్కించారు. కట్ట ఊరితే మట్టితో మరమ్మతు చేయవచ్చు. ఈ దోషానికి తాపీమేస్త్రీ దగ్గర మందు లేదు.

చెరువును సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించడం మనకు తెలుసు. కొడుకు, నిధి, గుడి, తోట, అగ్రహారం, కావ్యం, వాటి సరసన చెరువు. కాని సంతానమన్న మాటకు బరువుంది. కన్నంత మాత్రాన సరిపోదు, పెంచాలి. మన ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, కడప ప్రాంతాలలో దశబంధం అనే ఏర్పాటు అందుకోసం పుట్టింది. చెరువు కట్టినవాడికో బాగుచేసేవాడికో కొంత భూమి మాన్యంగా ఇస్తారు. ఆ ఫలం తింటూ వాడు కట్టను, తూమును, కలుజును కాపాడాలి. శాసనాల చివర తరచుగా వచ్చే ఒక శ్లోకం అర్థం కూడా ఇదే. ఇవ్వడమూ ఇచ్చినదాన్ని కాపాడడమూ రెండింటిలో కాపాడడమే మేలు అని. దాత తన పేరు చెక్కించుకుంటూ, ఆ పేరుకిందనే తనకంటె కాపాడేవాడే గొప్ప అని ఒప్పుకోవడం నాకు చాలా నచ్చిన సంగతి. ఇప్పటి శిలాఫలకాలలో అంత వినయం కనబడదు.

అయితే ఆ కాపాడేవాడు ఎవడు? ఇక్కడే మన సంప్రదాయం గొప్ప కాస్త మసకబారుతుంది. తూము ఎత్తి దించేవాడు, ఏ మడికి ఎన్ని గడియల నీరో చూసేవాడు, రాత్రిపూట కట్టమీద దీపం పట్టుకుని తిరిగేవాడు నీరుగంటి. తమిళులు నీర్‌కట్టి అంటారు. కోలారు నుండి మన జిల్లా దాకా ఈ పని చాలా ఊళ్ళలో దళితులదే. ఊరందరి నీటికి తీర్పరి వాడు, ఆ ఊరి బావి మాత్రం వాడు తాకరాదు. నీటిపాలు న్యాయంగా పంచుతాడన్న నమ్మకం వాడిమీద ఉండేది, ఎందుకంటే చాలాచోట్ల వాడికి పంచుకోవడానికి పొలమే ఉండేది కాదు! పొలం లేనివాడికి పక్షపాతం ఉండదన్న తర్కం వినడానికి చక్కగానే ఉంది. నిష్పక్షపాతాన్ని పేదరికంతో కొనుక్కున్నాం అనుకుంటే మాత్రం గొంతు పట్టుకుంటుంది.

ఈ విషయంలో మనమొక్కరమే కాదు. రోము నగరానికి 97లో నీటి అధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్ తన పదవి గురించి ఒక పుస్తకం రాశాడు. రోము కాలువలంటే మనకు వంతెనల మీద వంతెనలు గుర్తుకొస్తాయి. నిజానికి వాటి పొడవులో ఎక్కువ భాగం మన సూర్యగుంట కాలువలాగే భూమిలోపలే పోయింది. ఫ్రాంటినస్ కట్టడాల గొప్ప కొంచెమే చెప్పాడు, నీటి దొంగతనాల గురించి చాలా చెప్పాడు. దారిలో గొట్టాలకు కన్నాలు వేసి నీరు అమ్ముకునే పనివారు, కొలతకు మించిన గొట్టం పెట్టించుకునే పెద్దమనుషులు, రికార్డుకూ వాస్తవానికీ పొత్తు లేని లెక్కలు. ఆ కాలువలను కాపాడినవారు బానిసలు, రెండు దండులు, 240 మంది ఒకటి, 460 మంది ఒకటి. చక్రవర్తుల పేర్లు కమానుల మీద ఉన్నాయి. ఆ ఏడువందల మంది పేర్లు అడగకండి.

ఇక పాలారు. నందికొండల్లో పుట్టి కర్ణాటకలో 93, ఆంధ్రలో 33, తమిళనాట 222, మొత్తం 348 కిలోమీటర్లు. ఈ లెక్క చూస్తేనే తగవు అర్థమవుతుంది. ఎక్కువ దూరం మనవైపే, కాని మనం చివర. 1892లో మైసూరు సంస్థానానికీ మదరాసు ప్రభుత్వానికీ ఒప్పందం జరిగింది. అందులో పేర్కొన్న నదులలో పాలారు ఒకటి. మదరాసు సమ్మతి లేకుండా మైసూరు వాటిపై కొత్త జలాశయాలు కట్టరాదు. అప్పట్లో చిత్తూరు ప్రాంతం కూడా మదరాసు రాజధానిలోదే, ఇప్పుడు కాదు. 2006లో కుప్పం దగ్గర గణేశపురంలో ఆనకట్ట మాట ఎత్తగానే తమిళనాడు సుప్రీంకోర్టుకు పోయింది. 2016లో పుల్లూరు దగ్గరి చెక్‌డ్యాము ఎత్తు 5 అడుగుల నుండి 12 అడుగులకు పెంచినప్పుడు మళ్ళీ పోయింది.

ఆ 2016 వేసవి తరువాత రోజుల్లో మనవంటివారందరికీ ఎదురైన ఒక మాట ఉంది. బ్యాంకులోనో, బస్సులోనో, పిల్లల బడి దగ్గరో, ఎవరో నవ్వుతూనే అంటారు, "ఎన్నంగ, ఉంగ ఆళుంగ తణ్ణియ నిరుత్తిట్టాంగళే" అని. మీవాళ్ళు నీళ్ళు ఆపేశారుగా అని. అన్నవాడిలో ద్వేషం ఉందని నేననుకోను. నన్నూ అడిగారు. నేను పుట్టింది ఇక్కడ, నా తాతకు తాత మట్టయింది ఇక్కడ, నా కుళాయి ఎండిందీ ఇక్కడే. అయినా నా ఇంటి భాషను బట్టి నన్ను ఎగువన నిలబెట్టారు. కుప్పంలో ఉన్న మా బంధువులు ఫోనులో వేరే పాట పాడారు. "మీకు ఇంత నది ఉంది, ఏరులున్నాయి, మా నేలలో వెయ్యి అడుగులు దించినా నీరు లేదు, పన్నెండు అడుగుల గోడకే మీ అరవవాళ్ళు ఇంత గోల చేస్తారా?" అన్నాడు మా పెదమామ కొడుకు. అక్కడ నేను అరవవాణ్ణి. ఒకే వారంలో నేను రెండు ఒడ్లకూ పరాయివాణ్ణి కావడం ఒక విధంగా మేలే అయింది. ఏ ఒడ్డుకూ వకాల్తా పుచ్చుకోకుండా ఆలోచించే వెసులుబాటు దొరికింది.

ఎగువవాడి వాదం ఏమిటి? నా నేలమీద పడిన వాన నాది. దీనికి పెద్ద పేరున్న పూర్వికులే ఉన్నారు. రియో గ్రాండే నది విషయంలో మెక్సికో మొరపెట్టుకుంటే 1895లో అమెరికా అటార్నీ జనరల్ హార్మన్ ఇదే సిద్ధాంతం వల్లించాడు, మా గడ్డమీది నీటిపై మాకు ఎదురులేదని. తరువాత ఆ దేశమే మెక్సికోకు నీరిస్తానని 1906లో ఒప్పందం చేసుకుంది. వాదం ఒకటి, పొరుగువాడితో కాపురం ఒకటి. దిగువవాడి వాదం ముందునుండి వాడుకుంటున్నాను కాబట్టి నాది అని. ఇది కూడా నాకు పూర్తిగా మింగుడుపడదు. కుప్పం రైతు తాత పేదవాడై చెరువు కట్టుకోలేకపోయాడు కనుక మనవడు కూడా కట్టుకోరాదనడం ఏమి న్యాయం? ముందు తిన్నవాడికే ఎప్పుడూ విస్తరి వేయాలంటే ఆకలికి విలువేముంది?

1966 హెల్సింకి నియమాలు, 1997 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఈ రెంటి మధ్య దారి వెతికాయి. న్యాయమైన పాలు, దిగువవాడికి గణనీయమైన హాని చేయకుండడం. మాటలు బాగానే ఉన్నాయి. నాకు తోచేది ఇంకా ముతకగా ఉంటుంది. ఎగువన ఉండడం ఎవడి పుణ్యమూ కాదు, సంపాదనా కాదు. నేల వాలు వల్ల చేతికి వచ్చిన అధికారం. ఒకడి బతుకు నా చేతిలో పడింది, నేను అడగలేదు నిజమే. పడ్డాక, నాకు ఒప్పందపత్రం చూపించు అనడం మాత్రం తగదు. నడిబావిలో ఉన్నవాడి తాడు కొస నా చేతికి చిక్కితే, ఈ తాడు నేను కొన్నదే కదా అని వదిలేయగలనా? తాడు నాదే కావచ్చు, వాడి బరువు కూడా ఇప్పుడు నాదే. అందుకే ఎగువవాడి ఋణం పత్రం వల్ల రాలేదని నా అభిప్రాయం. అధికారం ఎక్కడినుండి వచ్చిందో ఋణమూ అక్కడినుండే వచ్చింది, ఆ వాలు నుండి.

ఇది చదివి మన వేలూరువారు తలలూపి, చూశారా ఆంధ్ర ప్రభుత్వాన్ని ఎలా నిలదీశాడో అనుకుంటారేమో! ఆగండి. మనమూ ఎగువవాళ్ళమే. వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణిపేట తోళ్ళ పరిశ్రమ నీరు పోయింది ఎక్కడికి? పాలారులోకి, దాని పక్క బావులలోకి, ఇంకా దిగువన ఉన్నవారి గొంతుల్లోకి. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వేలూరు పౌర సంక్షేమ వేదిక కేసులో తీర్పు ఇచ్చింది. కిలో తోలు తయారుకు 35 లీటర్ల నీరు పడుతుందనీ, దాదాపు 35,000 హెక్టార్ల సాగు నేల పూర్తిగానో కొంతగానో చెడిందనీ ఆ తీర్పులోనే ఉంది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమని స్పష్టంగా చెప్పిన తీర్పు అది. న్యాయశాస్త్రం చదివే పిల్లలకు దేశమంతటా మన ఊరి పేరు తెలిసింది ఆ కారణంగానే. ఇది కీర్తి అనుకోవాలో ఏమో! దాదాపు మూడు దశాబ్దాల తరువాత, 2025 జనవరి 30న, అదే పాలారు, అదే తోళ్ళ పరిశ్రమల మీద అదే న్యాయస్థానం మళ్ళీ నష్టపరిహారం గురించి ఉత్తర్వులు ఇవ్వవలసివచ్చింది. మొదటి తీర్పు నీరుగంటి లేని తూములా మిగిలిందన్నమాట.

ఇసుక సంగతి ఇంకా దగ్గరిది. పాలారు పైకి ఎండినట్టే ఉంటుంది, ఎప్పుడూ అంతే. దాని నీరు ఇసుకలో ఉండేది. మన పెద్దలకు ఇది బాగా తెలుసు కనుకనే ఊటకాలువలు తవ్వారు. నదిలో ఇసుక తోడి, ఊరిన నీటిని సన్నని వాలుతో మైళ్ళదూరం నడిపి, ఏరికో పొలానికో చేర్చేవారు. ఆనకట్ట అవసరం లేదు, తూము అవసరం లేదు. ఏటా వరద వచ్చి కాలువ మొదలు పూడ్చేస్తే ఊరంతా కలిసి దిగి మళ్ళీ తవ్వేవారు. కుడిమరామత్తు అంటే అదే. ఆ కలివిడి పనిని బ్రిటిషువారు 1858లో నిర్బంధశ్రమ చట్టం చేసి పట్టుకోబోయారు. ఇష్టంగా చేసేదాన్ని చట్టంగా రాసిన తరువాత ఏ పనైనా ఎలా తయారవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ ఇసుక లారీలెక్కి పోయింది. ఇసుక పోయాక ఊట లేదు, ఊట పోయాక ఊటకాలువ పేరు కూడా పిల్లలకు తెలియదు. పుల్లూరు గోడ 12 అడుగులు. మనం నదిలోనుండి తోడేసిన లోతు ఎన్ని అడుగులో ఒకసారి పాలారు వంతెన మీద నిలబడి, బయటపడ్డ స్తంభాల పునాదులు చూస్తే తెలుస్తుంది. 

2019లో ఈ ఎగువ దిగువల నాటకం విచిత్రమైన మలుపు తిరిగింది. చెన్నపట్నం చెరువులు ఎండిపోయి, జూలై 12న జోలార్‌పేట నుండి నీటి రైలు బయలుదేరింది. 50 వ్యాగన్లు, ఒక్కొక్కదానిలో 50,000 లీటర్లు. జోలార్‌పేట అప్పటికి వేలూరు జిల్లాలోనిదే. మా నీరు ఎలా తీసుకుపోతారని మనవైపు గొంతులు లేచాయి. నిన్నటిదాకా పుల్లూరు గోడ కింద నిలబడి అరిచిన దిగువవాళ్ళం, ఆ వారం ఎగువవాళ్ళమై గోడ కట్టబోయాం! ఇంతకూ ఆ రైల్లో పోయిన నీరు పాలారుదా? కాదు. మేట్టూరు నుండి గొట్టాలలో మనకు వస్తున్న కావేరి నీరు. అటు చూస్తే 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ వెంట, వందల కిలోమీటర్లు ఎత్తిపోసుకుంటూ, కృష్ణ నీరు కుప్పం చేరింది. పాలారుకు ఒక కొస కృష్ణ తాగుతోంది, ఇంకొక కొస కావేరి తాగుతోంది. తగవు మాత్రం పాలారు పేరుమీదే నడుస్తోంది. కావేరికి ఎగువన కొడగువాళ్ళున్నారు, కృష్ణకు ఎగువన మహాబలేశ్వరంవాళ్ళున్నారు. బాకీల చిట్టా పొడుగు పెరిగిందే తప్ప చెల్లలేదు.

గుడియాత్తంవారికి ఈ సంగతులు నేను చెప్పడం తాతకు దగ్గు నేర్పినట్టే. వారి కౌండిన్య నది కూడా చిత్తూరు జిల్లాలోనే పుట్టి, ఊరి మధ్యగా వచ్చి పాలారులో కలుస్తుంది. మే నెలలో, వైశాఖి మొదటినాడు, గంగమ్మ సిరసు ఉత్సవం జరుగుతుంది. ముత్యాలమ్మ గుడినుండి అమ్మవారి శిరస్సు ఊరేగింపుగా బయలుదేరి నది ఒడ్డున గోపాలపురంలోని గంగమ్మ గుడికి చేరుతుంది, అక్కడ మొండేనికి అమరుస్తారు. మగ్గాలు ఆ రోజు ఆడవు. తెలుగువారూ తమిళులూ అన్న తేడా లేకుండా లక్షమంది కొబ్బరికాయలు కొడుతూ ఎండిన ఏట్లో నిలబడతారు. పేరేమో గంగమ్మ, కాలికింద ఏమో ఇసుక. తెగిన తల ఒకచోటినుండి రావాలి, మొండెం ఇంకొకచోట కాచుకుని ఉండాలి, రెండూ కలిస్తేనే అమ్మ కళ్ళు తెరుస్తుంది. నది తల ఆంధ్రలో, మొండెం మనదగ్గర అని పోలిక చెప్పాలని నాకూ అనిపిస్తుంది. కాని ఉత్సవంలో తలను తెచ్చేది వందలమంది చేతులు, నదికి ఆ చేతులు లేవు.

ఊరికి ఎగువన, సరిహద్దుకు దగ్గరలో మోర్దాన ఆనకట్ట ఉంది. దాని కాలువలవల్ల ఏరులు కొన్ని నిండుతున్నాయి, అది నిజం. 2021 నవంబరులో ఆ జలాశయం పొంగి, ఏళ్ళ తరబడి ఎండిన కౌండిన్య ఒక్కసారిగా నిండుగా వచ్చింది. ఒడ్డున, ఒడ్డు దాటి నదిలోపలికి కూడా, ఇండ్లు కట్టుకున్నవారు సామాన్లు నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు. తరువాత ఆ ఆక్రమణలను అధికారులు కూల్చారు. అందులో ఎక్కువమంది బీదవారు, చాలామంది మగ్గం పనివారు. చట్టం ప్రకారం సరే. నది ఎండిపోతే అది నది కాదు, స్థలం అని ఊరందరికీ నేర్పిందెవరు? పట్టా ఇచ్చినవారు, కరెంటు ఇచ్చినవారు, ఓటు అడిగినవారు, వీరందరూ ఆ ఇండ్లకు ఎగువనే నిలబడి ఉన్నారు.

అదే నవంబరులో వేలూరు కోటలో జరిగింది చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇప్పటిదాకా నేను ఎగువవాడి బాకీ ఒక్కటే మాట్లాడాను. కందకం నిండింది. నిండి, జలకంఠేశ్వరస్వామి గుడిలోకి నీరు వచ్చింది. నాలుగు శతాబ్దాల వరకు పూజ లేక, కొంతకాలం ఆయుధాల కొట్టుగా పడి ఉండి, 1981 మార్చిలో మళ్ళీ స్వామిని ప్రతిష్ఠించుకున్న గుడి అది. మోకాటిలోతు నీటిలో అర్చకులు, భక్తులు నడిచారు, మోటార్లు పెట్టి తోడారు. నిండుటకు కాలువ వేసిన నాయకులు, ఎక్కువైతే పోవడానికి కూడా దారి వేసే ఉంటారు కదా. పోరుమామిళ్ళ శాసనం తెలిసిన నేలమీద, కలుజు లేని కట్ట ఎవడూ కట్టడు. మిగులు నీరు పాలారుకు పోయే ఆ దారి పైన అంగళ్ళు, బాటలు, మురుగు. అది ఎక్కడ మూసుకుపోయిందో వెతుక్కోవలసి వచ్చింది. వెతకడానికి పాతకాలపు నీరుగంటి ఒక్కడు ఉంటే చాలు, కర్ర పెట్టి చూపించేవాడు.